ఇంటి ముందు పేవర్ బ్లాక్స్: మేస్త్రీ చీటీలో 768 అడుగులు, నా కొలతలో 650, తేడా ఎక్కడ?

మున్నేరు శీను:
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. ఇంటి ముందు ఇప్పటిదాకా మట్టే, వానాకాలం వస్తే కారు బయటికి తీయాలంటే బురద, ఆ బురద కాళ్ళతో లోపలికొస్తే అమ్మ తిట్లు, అందుకని సంక్రాంతి లోపు పేవర్ బ్లాక్స్ వేయించేద్దాం అనుకున్నాం. నిన్న మేస్త్రీ వచ్చి టేపు పెట్టి కొలుచుకుపోయి రాత్రి వాట్సాప్‌లో చీటీ పంపాడు. మొత్తం 768 చదరపు అడుగులు, జిగ్‌జాగ్ బ్లాక్ 60 ఎంఎం 2700, క్రషర్ డస్ట్ (రాతిపొడి) రెండు ట్రాక్టర్లు, ఇసుక ఒక ట్రాక్టర్, సిమెంట్ 10 బస్తాలు. లేబరూ మెటీరియలూ అన్నీ కలిపి అడుగుకింత అని ఒకటే రేటు.

నేను కొలిస్తే గేటు నుంచి పోర్టికో దాకా 12×28, ఇంటి పక్క సందు 4×45, వెనక అంట్లు తోముకునే చోటు 15×10, కలిపి 666. మధ్యలో తులసికోట గద్దె 4×4 పోతే 650. అంటే 118 అడుగులు ఎక్కువ రాశాడు. అడిగితే "వేస్టేజీ ఉంటది సార్" అంటున్నాడు. ఇంత వేస్టేజీ ఉంటుందా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, రేపు సాయంత్రం మళ్ళీ వస్తానన్నాడు.

కరీంనగర్ పోరడు:
అన్నా వేస్టేజీ అందరూ వేస్తరు. మా దగ్గర గూడ 10 శాతం వేసిండు. బేరమాడితే 5 కి దిగుతడు.

సైట్‌లో సత్యం:
శీను గారూ, గేటు బయట ర్యాంపు కూడా వేయమన్నారా? అది కలిపాడేమో చూడండి ముందు.

మున్నేరు శీను:
ఆ అవునండీ, గేటు ముందు డ్రెయినేజీ కాలవ మీద ర్యాంపు ఉంటుంది కదా, 12×4, అది కూడా వేసేయమన్నాం. నేను దాన్ని లెక్కలో వేసుకోలేదు.

సైట్‌లో సత్యం:
అయితే తేలిపోయిందండి. 650 కి 48 కలిపితే 698. దాని మీద పది శాతం వేస్తే 767.8. అదే మీ 768. మేస్త్రీ దొంగలెక్క ఏం రాయలేదు, కాకపోతే రెండు వేర్వేరు లెక్కల్ని ఒకే అంకెలో కలిపేశాడు.

బ్లాకులు కొనేటప్పుడు వేస్టేజీ కలుపుకోవాలి, అది నిజం. అంచుల్లో కోతలు పడతాయి, లారీ దింపేటప్పుడు కొన్ని పగుల్తాయి. కానీ పనికి బిల్లు కట్టేది పరిచిన అడుగులకి, కోసి పారేసిన ముక్కలకి కాదు. అన్నీ కలిపి అడుగుకింత అని రేటు చెప్పినప్పుడు ఆ వేస్టేజీ ఆ రేటులోనే ఉండాలి. లేకపోతే ఆ 70 అడుగులకి మీరు బ్లాకు డబ్బులే కాదు, పరిచిన కూలీ, కింద డస్టు, ఇసుక డబ్బులు కూడా కడుతున్నట్టు. పరచని నేలకి కూలీ ఏంటండి?

పాత ఏఈ:
సత్యం గారు చెప్పింది సరైనది. పంచాయతీరాజ్‌లో పనిచేసిన రోజుల్లో మేము ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) రికార్డు చేసేది పూర్తయిన పని నికర కొలతే. వేస్టేజీ అనేది రేటు విశ్లేషణలోకి వెళ్తుంది, కొలతలోకి రాదు. శీను, చీటీ మీద ఒక్క వాక్యం రాయించుకో: "బిల్లు పని అయ్యాక ఇద్దరం కలిసి కొలిచిన నికర కొలత ప్రకారం." పేచీ ఉండదు.

ఇంకొకటి. 12×28 అన్నావు, రెండు చివర్లా కొలిచావా? పాత కాంపౌండు గోడలు సమాంతరంగా ఉండవు. మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ టేపు పెట్టి చూడు, సమానంగా రాకపోతే మూలమట్టం తప్పినట్టే.

మున్నేరు శీను:
ఇప్పుడే కొలిచి వచ్చాను ఏఈ గారూ. గేటు దగ్గర 12, పోర్టికో దగ్గర 11 అడుగుల 4 అంగుళాలు. సగటు తీస్తే ఓ తొమ్మిది అడుగులు తగ్గుతోంది. సరే దాన్ని వదిలేద్దాం. బ్లాకుల సంగతి చెప్పండి, 2700 ఎక్కువేనా మరి?

సైట్‌లో సత్యం:
ఇక్కడే తమాషా ఉందండి. జిగ్‌జాగ్ బ్లాకు మామూలుగా 225 × 112.5 ఎంఎం, అంటే 9 అంగుళాలు ఇంటూ నాలుగున్నర. ఆకారం వంకరగా ఉన్నా పట్టే చోటు అంతే. చదరపు మీటరుకి 39.5 పడతాయి, అంటే అడుగుకి 3.67. మేస్త్రీలూ షాపులవాళ్ళూ నోటి లెక్కకి "అడుగుకి మూడున్నర" అంటారు. 768 ని మూడున్నరతో గుణించండి, 2688, అదే 2700 అని రాశాడు.

ఇప్పుడు అసలు లెక్క. ర్యాంపుతో కలిపి 698 అడుగులంటే 64.85 చదరపు మీటర్లు, 39.5 తో గుణిస్తే 2562, దానికి 5 శాతం వేస్టేజీ వేస్తే 2690. చూశారా, అడుగులు ఎక్కువ రాసి బ్లాకులు తక్కువ పట్టుకున్నాడు, రెండూ చెల్లుకు చెల్లు అయిపోయి బ్లాకుల సంఖ్య కరెక్టుగానే వచ్చింది. ఇక మీరు బేరమాడి 768 ని 698 చేశారనుకోండి, ఆయన అదే మూడున్నర లెక్క వేసి 2443 బ్లాకులే తెప్పిస్తాడు, ఆఖర్న 120 బ్లాకులు తగ్గుతాయి, అప్పుడు రెండో లోడు, వేరే రంగు, వేరే ట్రాక్టరు కిరాయి. కాబట్టి అడుగుల్లో బేరమాడండి కానీ బ్లాకుల సంఖ్య ముట్టుకోకండి.

విజయ గుంటూరు:
రంగు సంగతి సత్యం గారు భలే గుర్తు చేశారు. మా ఇంటి ముందు ఎర్రవి వేయించాం, తక్కువ పడితే పదిహేను రోజుల తర్వాత మళ్ళీ తెచ్చారు, అదే యార్డు, అదే ఎరుపు అన్నారు, ఇప్పటికీ తులసమ్మ పక్కన ఒక పట్టీ ఇటుక రంగులో కనిపిస్తూనే ఉంటుంది. ఒకే లాట్‌లోవి మొత్తం ఒకేసారి దింపించుకోండి, ఓ 40 పక్కన దాచుకోండి, తర్వాత ఎప్పుడో పైపు పగిలి తవ్వాల్సి వస్తే పనికొస్తాయి.

అంచులకి సగం ముక్కలు విడిగా అమ్ముతారు శీను గారూ, ఎడ్జ్ పీసులు అడగండి, కోత తగ్గుతుంది.

కరీంనగర్ పోరడు:
షాపుల లెక్క నమ్మకు అన్నా, నువ్వే చూస్కో. యార్డుకి పో, నేల మీద సుద్దతోని 3 అడుగులు 3 అడుగులు డబ్బా గియ్యి, అండ్ల పరిచి లెక్కపెట్టు. సందు 3 ఎంఎం ఇడవాలె, మరీ బిర్రుగ అతికించొద్దు. నేను గట్లనే చూసిన, 33 వచ్చినయి. తొమ్మిది అడుగులకి 33 అంటే ఎంతైంది, 3.67 ఏ గదా.

మున్నేరు శీను:
సూపర్ అన్నా. అంటే నా భయం వట్టిదే, బ్లాకులు సరిపోతాయి, బిల్లు మటుకు 698 కే కడతాను. ఇంకేం లేదుగా? థ్రెడ్ క్లోజ్ చేయొచ్చా?

సైట్‌లో సత్యం:
ఆగండాగండి, అసలుది ఇంకా మొదలే కాలేదు. చీటీలో డస్ట్ రెండు ట్రాక్టర్లు అని ఉంది కదా, దాని గురించి ఒక్కరూ అడగట్లేదేంటి? ఆ రెండు ట్రాక్టర్ల మీద మీ కారు నిలబడాలి.

మీ మట్టి ఏంటి? ఎర్రమట్టా, నల్లరేగడా?

మున్నేరు శీను:
పైన ఇల్లు కట్టినప్పుడు పోసిన మొరం కొంచెం ఉంది, గునపం వేస్తే జానెడు లోతు తర్వాత నల్లమట్టే. ఎండాకాలం పగుళ్ళిస్తుంది, వేలు దూరేంత.

సైట్‌లో సత్యం:
అనుకున్నానండి. అయితే కూర్చుని లెక్క వేద్దాం.

ర్యాంపుని పక్కన పెట్టండి, దాని సంగతి వేరే. లోపల 650 అడుగులు. ఇందులో కారు తిరిగేది 336, మిగతా 314 మనుషులు నడిచేది. రెండిటికీ ఒకే మందం అక్కర్లేదు, అక్కడ డబ్బు మిగులుతుంది. నడిచే చోట దిమ్మిస కొట్టాక 4 అంగుళాల బేస్, అంటే బ్లాకుల కింద గట్టి పొర, చాలు. కారు దారికి మామూలు గట్టి నేల అయితే 8 అంగుళాలు వేస్తాం. మీది నల్లరేగడి కాబట్టి కింద ఇంకో 4 అంగుళాలు మంచి మొరం, మొత్తం 12.

కారు దారి 336 ఇంటూ ఒక అడుగు, 336 సిఎఫ్‌టి (ఘనపుటడుగులు). నడక దారి 314 ఇంటూ 4 అంగుళాలు, 105. కలిపి 441. ఇది దిమ్మిస అయ్యాక ఉండాల్సిన మందం. ట్రాక్టర్లో వచ్చేది వదులు సరుకు, కొడితే దిగిపోతుంది, అందుకని 30 శాతం ఎక్కువ తెప్పించాలి, 573 సిఎఫ్‌టి. మన వైపు ట్రాక్టరు ట్రక్కు అంటే పైకి పోస్తే వంద, లేకపోతే 80, 90. ఆరు ట్రాక్టర్లు కనీసం. మీ మేస్త్రీ రాసింది రెండు.

ఆ రెండు ట్రాక్టర్లు పరిచి నీళ్ళు కొట్టి పైన బ్లాకులు పేరిస్తే చూట్టానికి బ్రహ్మాండంగా ఉంటుంది. రెండు వానాకాలాలు పోనివ్వండి, టైర్లు పోయే దారి రెండు గీతల్లా దిగిపోయి అందులో నీళ్ళు నిలుస్తాయి. అప్పుడు బ్లాకు బాలేదంటారు. బ్లాకుకేం కాదండి, కింద కూర్చుంది.

గాజువాక రాజు:
మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ ఇదే కథ. 80 ఎంఎం బ్లాకు వేశారు, మందం ఎక్కువ కాబట్టి బలం అని గొప్పలు. కింద ఏమీ లేదు, పాత బిల్డింగు కొట్టిన రబ్బిషు మీద ఇసుక జల్లి పేర్చేశారు. వాటర్ ట్యాంకరు రెండుసార్లు వచ్చేసరికి గుంటలు. 60 కి 80 కి తేడా పెట్టిన డబ్బు కింద కంకరకి పెట్టుంటే సరిపోయేది.

పాత ఏఈ:
పేవర్ బ్లాకులకి ఐఎస్ 15658 అని స్టాండర్డు ఉంది, 2006 లో వచ్చింది, 2021 లో సవరించారు. ఇంటి కార్లు తిరిగే చోటికి 60 ఎంఎం, ఎం35 గ్రేడు (కాంక్రీటు బలం) చాలు. 80 అవసరమయ్యేది లారీలు, బస్సులు తిరిగే చోట.

ట్రాక్టరు లెక్క గురించి ఒక హెచ్చరిక. ఇసుక గానీ డస్టు గానీ కాస్త తడిగా ఉంటే ఉబ్బుతుంది. నాలుగైదు శాతం తేమ ఉన్న ఇసుక, ఎండిన ఇసుక కంటే పాతిక శాతం దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సన్న ఇసుక అయితే ఇంకా ఎక్కువ. సిఎఫ్‌టి లెక్కన కొంటే నువ్వు గాలి కొంటున్నావు. పోనీ టన్నుల్లో కొందామంటే వాన తర్వాత వచ్చిన లోడులో నీళ్ళ బరువు ఉంటుంది. రెండిట్లోనూ మోసపోయే వీలుంది, కాబట్టి సరుకు ఎండిన రోజున తెప్పించుకోవడం ఉత్తమం. వంద సిఎఫ్‌టి పొడి ఇసుక సుమారు నాలుగున్నర టన్నులు, ఆ అంకె గుర్తు పెట్టుకుంటే ఏ కాటా చీటీ వచ్చినా పోల్చి చూసుకోవచ్చు.

విజయ గుంటూరు:
ట్రాక్టరు రాగానే ట్రక్కు లోపల పొడవు, వెడల్పు, సరుకు ఎత్తు టేపుతో కొలవండి. మా వారు మొహమాటపడ్డారు, నేనే స్టూలేసుకుని ఎక్కి కొలిచాను. డ్రైవరు నవ్వాడు కానీ తర్వాత లోడు నుంచి నిండుగా వచ్చింది 😄

మున్నేరు శీను:
అమ్మో. ఆరు ట్రాక్టర్లంటే బడ్జెట్ మొత్తం మారిపోతుంది. ఒక డౌటు, అడుగు మందం బేసు, పైన ఇసుక, పైన బ్లాకు అంటే అడుగున్నర లోతు తవ్వాలా? ఆ మట్టి ఎక్కడ పోయాలి?

సైట్‌లో సత్యం:
మంచి ప్రశ్నండి, చీటీల్లో ఎప్పుడూ ఉండని ఖర్చు అదే. బేసు 12, ఇసుక ఒకటింపావు, బ్లాకు 2.4 అంగుళాలు, మొత్తం దాదాపు 16. కానీ అంతా తవ్వాలా వద్దా అనేది లెవెలు చూస్తే గానీ చెప్పలేం. లెవెలు పైపు తెచ్చి ఇవి కొలవండి: పోర్టికో గచ్చు, గేటు దగ్గర నేల, బయట రోడ్డు. మూడూ చెప్పండి.

మున్నేరు శీను:
పక్కింటి వాళ్ళది నీళ్ళ పైపు తెచ్చి చూశాం. పోర్టికో గచ్చుని సున్నా అనుకుంటే గేటు దగ్గర నేల 15 అంగుళాలు కింద, రోడ్డు 9 అంగుళాలు కింద. అంటే రోడ్డు మా నేల కంటే ఆరంగుళాలు ఎత్తుంది. పోయినేడాది పాత సీసీ రోడ్డు మీదే కొత్త సీసీ వేశారు.

కరీంనగర్ పోరడు:
అందరి కథ గిదే. రోడ్డు మీద రోడ్డు, ఇల్లు బాయిల.

సైట్‌లో సత్యం:
ఇది మీకు కలిసొచ్చిందండి నిజానికి. ఎలాగూ నేలని రోడ్డు కంటే పైకి తేవాలి, లేకపోతే వాననీళ్ళు ఇంట్లోకే. వాలు అడుగుకి పావు అంగుళం ఉండాలి, 28 అడుగులకి 7 అంగుళాలు. పోర్టికో దగ్గర బ్లాకు పైభాగం గచ్చు కంటే అంగుళం కిందకి పెట్టుకుంటే గేటు దగ్గరికి 8 అంగుళాలు కింద అవుతుంది, రోడ్డు 9 దగ్గర ఉంది, అంగుళం తేడాతో నీళ్ళు బయటికి పోతాయి. సరిగ్గా అతికినట్టు సరిపోయింది.

గేటు దగ్గర నేల 15 లో ఉంది, పూర్తయిన లెవెలు 8, అంటే 7 అంగుళాలు ఎటూ నింపాల్సిందే. మందం 16 కావాలి కాబట్టి అక్కడ తవ్వాల్సింది 9. పైన జానెడు మొరం ఉందన్నారుగా, దాన్ని పారేయకండి, పక్కన కుప్ప పోసి మళ్ళీ అడుగు పొరలో వాడేయండి, ఒక ట్రాక్టరు దాకా మిగులుతుంది. నల్లమట్టి మాత్రం బయటికే. తవ్విన మట్టి కూడా ఉబ్బుతుంది, గుంటలో వంద సిఎఫ్‌టి ఉన్నది బయటికొస్తే 130 అవుతుంది, ట్రిప్పులు ఆ లెక్కన మాట్లాడుకోండి. ఎక్కడ పోస్తాడో కూడా ముందే అడగండి, కాలవలో పోస్తే మున్సిపాలిటీ వాళ్ళు వచ్చేది మీ ఇంటికే.

ఫ్రిస్కో సుబ్బు:
టెక్సాస్ నుంచి ఒక మాట. మా వెనక యార్డులో పేషియో (ఆరుబయట కూర్చునే గచ్చు) నేనే వేసుకున్నా, ఇక్కడ కూడా నల్ల బంకమట్టే, మన రేగడి లాగే ఉబ్బడం, పగలడం. ఇక్కడ అన్నీ క్యూబిక్ యార్డుల్లో అమ్ముతారు, ఒక యార్డు అంటే 27 సిఎఫ్‌టి. ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు బోలెడు, పొడవు వెడల్పు మందం కొడితే అంకె ఇచ్చేస్తాయి, కానీ చాలా వాటిలో దిమ్మిస కొడితే దిగిపోయేదానికి అదనం కలపరు, అక్కడే అందరికీ తక్కువ పడుతుంది.

తవ్వే ముందు ఇక్కడ 811 కి ఫోన్ చేస్తే ఉచితంగా వచ్చి గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో రంగు గీతలు గీసి పోతారు. శీను, మీరు మాత్రం బోరు కేబులు, మున్సిపల్ కుళాయి పైపు, సెప్టిక్ ట్యాంకు పైపు ఎటు పోతున్నాయో ఇల్లు కట్టిన ప్లంబర్ని పిలిచి గీయించు. పాతవి మార్చాలనుకుంటే ఇప్పుడే మార్చు.

నాపరాయి నాగ:
ఇన్ని ట్రాక్టర్ల గొడవెందుకప్పా, బేతంచెర్ల బండలు పరిపించుకో, మూడు తరాలు చూస్తాయి. మాది బండల యాపారమే, అబద్ధం చెప్పను. పాలిష్ పట్టనివి రెండడుగులు రెండడుగులు తీసుకో. పాలిష్‌వి బయట వేస్తే వానకి జారి పడతారు.

పాత ఏఈ:
బండలు మంచివే, కానీ బేసు తప్పదు నాగ. పైగా సిమెంటు లెక్క చూడు. బండ మందం ఒకటి అంగుళం ఉంటే ఇంకొకటి అంగుళంన్నర, దాన్ని సరిచేయడానికి కింద మోర్టారు సగటున రెండు అంగుళాలు పడుతుంది. 650 అడుగులకి 108 సిఎఫ్‌టి తడి మోర్టారు, పొడిలోకి మారిస్తే మూడో వంతు ఎక్కువ, 144. ఒకటికి ఆరు పాళ్ళలో సిమెంటు ఇరవైన్నర సిఎఫ్‌టి, బస్తా ఒకటింపావు సిఎఫ్‌టి లోపే కాబట్టి 17 బస్తాలు, ఇసుక 123 సిఎఫ్‌టి. కారు దారి కింద 4 అంగుళాల పీసీసీ (కమ్మీ లేని కాంక్రీటు) 1:4:8 వేస్తే మరో 11 బస్తాలు. మొత్తం 28. నల్లరేగడి కదిలితే ఆ సిమెంటు పట్టు మొత్తం పగులుతుంది, బండ కింద డొల్ల పడుతుంది, టైరు ఎక్కితే అంతే. బ్లాకులయితే ఊడదీసి మళ్ళీ పేర్చుకోవచ్చు. శీను మట్టికి బ్లాకులే నా ఓటు.

నాపరాయి నాగ:
మా బేతంచెర్లలో కింద రాయే ఉంటది ఏఈ సారూ, అందుకే నాకు ఆ బాధ తెలీదు 😀 ఐతే వెనక అంట్లు తోమే కాడ మాత్రం బండలే వెయ్యి శీనూ. బ్లాకు సందుల్లో సబ్బు నీళ్ళు, మెతుకులు దిగి కంపు కొడతాది. ఒక్క మాట, బండ మీద యాసిడ్ పోసి కడగొద్దు, సున్నపురాయి అది, తినేస్తాది.

విజయ గుంటూరు:
నాగ గారి మాట వందకి వంద నిజం. అంట్ల దగ్గర బ్లాకులు వద్దే వద్దు.

మున్నేరు శీను:
సరే, అమ్మ కూడా అదే అంది. వెనక 150 బండలు. అయితే బ్లాకులు 500 అడుగులకే కదా. మళ్ళీ లెక్క చేశా, చూసి చెప్పండి: 500 అడుగులు అంటే 46.5 చదరపు మీటర్లు, 39.5 తో 1835, 5 శాతం వేస్టేజీ వేస్తే 1927, పక్కన దాచుకోడానికి 40, రౌండుగా 1970. ర్యాంపుకి 200 కలుపుకోవాలా?

పాత ఏఈ:
ర్యాంపుకి బ్లాకులు వేయకు. మొదటిది, అది గేటు బయట ఉంది, నీ స్థలం కాదు, కాలవ తీసేటప్పుడు వాళ్ళు తీసే వీలుండాలి. రెండోది, వాలు మీద టైరు బ్రేకు వేసి తిప్పినప్పుడల్లా బ్లాకుని పక్కకి తోస్తుంది. కాలవ మీద ఎత్తి పెట్టుకోగల సిమెంటు పలకలు వేయించి, రోడ్డు మీదకి పొడుచుకు రాకుండా చూసుకో.

సైట్‌లో సత్యం:
1970 సరిగ్గా ఉందండి. మీరు మేస్త్రీ కంటే బాగా వేశారు. మిగతావి కూడా రాసుకోండి.

బ్లాకు కింద ఇసుక అంగుళంపావు, 500 అడుగులకి 52 సిఎఫ్‌టి, వదులుకి పాతిక శాతం కలిపి 65. ఇక్కడ బేసు గుంటల్ని ఇసుకతో సరిచేయనివ్వకండి, ఒకచోట అంగుళం ఒకచోట మూడంగుళాలు ఉంటే మూడంగుళాల చోటే దిగుతుంది. సందుల్లోకి జల్లెడ పట్టిన సన్న ఇసుక పది సిఎఫ్‌టి చాలు, తడి లేకుండా పొడిగా ఉండాలి, లేకపోతే సందులోకి దిగదు. అంటే ఒక ట్రాక్టరు ఇసుకలో ఇవన్నీ పోను ఇంకా మిగులుతుంది, అది బండల కింద మోర్టారుకి పోతుంది.

అంచులు. గోడలున్న వైపు అక్కర్లేదు. తోట మట్టి వైపు 28, గేటు వైపు 12, మొత్తం 40 అడుగుల కాంక్రీటు పట్టీ కావాలి. ఆరంగుళాల వెడల్పు, తొమ్మిది అంగుళాల లోతు వేస్తే 15 సిఎఫ్‌టి. ఎం20 పాళ్ళు 1:1.5:3 లో మూడున్నర బస్తాలు, ఇసుక ఆరున్నర సిఎఫ్‌టి, 20 ఎంఎం కంకర 13. అంచు పట్టీ లేకుండా వేస్తే తోట వైపు బ్లాకులు ఒక్కొక్కటే జరుగుతూ మట్టిలోకి పోతాయి, అక్కడి నుంచి మొత్తం వదులవుతుంది. ఖర్చు చూస్తే చాలా తక్కువ, కానీ మేస్త్రీ చీటీలో మొదట ఎగిరిపోయేది ఇదే.

మందం పరిచేటప్పుడు 12 అంగుళాలూ ఒకేసారి పోసి దిమ్మిస కొట్టనివ్వకండి, పైన గట్టిపడి కింద వదులుగా ఉంటుంది. నాలుగేసి అంగుళాల పొరలుగా, పొర పొరకీ నీళ్ళు చల్లి, ప్లేట్ కాంపాక్టరు కిరాయికి తెచ్చి కొట్టాలి. మెషిన్ కిరాయి ఎవరిదో చీటీలో రాయించండి.

గాజువాక రాజు:
బ్లాకు క్వాలిటీ ఎలా చూడాలి సత్యం గారూ? మా వైపు తెల్లారి పోసి సాయంత్రం లోడెత్తేస్తున్నారు.

పాత ఏఈ:
ఇంట్లోనే చూడొచ్చు. ఎండలో బాగా ఆరిన బ్లాకు ఒకటి కాటా వేయండి, ఒకరోజంతా నీళ్ళ బకెట్లో ముంచి, తీసి, తడిగుడ్డతో పైన తుడిచి మళ్ళీ కాటా వేయండి. స్టాండర్డు ప్రకారం పీల్చే నీళ్ళు సగటున 6 శాతం మించకూడదు. జిగ్‌జాగ్ 60 ఎంఎం బ్లాకు మూడున్నర కిలోల దగ్గర ఉంటుంది, 200 గ్రాములు పెరిగితే ఫర్వాలేదు, 300, 350 పెరిగితే ఆ లాటు వద్దు. ఒక్కటే కాదు, నాలుగైదు చూడండి. పోత పోసి 28 రోజులు నిండినవే తీసుకోండి.

మున్నేరు శీను:
అప్డేట్: సాయంత్రం మేస్త్రీ వచ్చాడు. మొత్తం కాగితం మీద చూపించా. నికర కొలతకే బిల్లు అంటే ఒప్పుకున్నాడు, అంచు పట్టీ రాశాడు, ర్యాంపు వద్దన్నా. బేసు దగ్గర మాత్రం పేచీ. "ఆరు ట్రాక్టర్లా, ఏం సార్ హైవే వేస్తున్నారా" అన్నాడు. ఆ పైన "మీరు చెప్పిన రేటుకి రెండే వస్తాయి, అందరికీ అంతే వేస్తం" అని నిజం చెప్పేశాడు పాపం.

సైట్‌లో సత్యం:
ఆయన తప్పు కూడా కాదండి. జనం అడుగు రేటు చూసి తక్కువ వాడికి ఇస్తారు, తగ్గించాల్సింది కనపడని చోటే కదా. బేసుని ఆయన రేటులోంచి తీసేయండి. మొరం, డస్టు, వెట్ మిక్స్ (నీళ్ళతో కలిపిన కంకర, డస్టు) మీరే క్రషర్ నుంచి తెప్పించుకుని, ఆయనకి పరిచే కూలీ, బ్లాకు రేటు విడివిడిగా మాట్లాడండి. అప్పుడు ఆరు ట్రాక్టర్లు వేసినా ఆయనకి నష్టం లేదు.

వెనక 150 లో బండల కింద కూడా 4 అంగుళాల బేసు అలాగే ఉండనివ్వండి, లెక్క మారదు.

విజయ గుంటూరు:
పాత కొటేషన్లతో పోలుస్తుంటే ఒకటి గుర్తుంచుకోండి, సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 నుంచి 18 కి తగ్గింది. బ్లాకుల రేటు జీఎస్టీతోనా, విడిగానా, దించే కూలీ కలిపా అని కూడా అడగండి. మా సందులోకి లారీ రాలేక మెయిన్ రోడ్డు మీద దించేశారు, అక్కడి నుంచి మోయించిన కూలీ మళ్ళీ వేరే అయింది.

మున్నేరు శీను:
మా సందు కూడా ఇరుకే, ట్రాక్టరు వస్తుంది, లారీ రాదు. 1970 బ్లాకులు ఎంత బరువుంటాయి?

సైట్‌లో సత్యం:
మూడున్నర కిలోల లెక్కన 6.9 టన్నులు. రెండు ట్రాక్టర్లు, మరీ బరువనుకుంటే మూడు. దింపేటప్పుడు ట్రక్కు ఎత్తి గుమ్మరించనివ్వకండి, చేత్తో దింపించండి, లేకపోతే ఆ 5 శాతం వేస్టేజీ అక్కడే అయిపోతుంది.

మున్నేరు శీను:
ఓకే. ఆఖరు డౌటు. కారు దారి మధ్యలో సంపు మూత, డ్రెయినేజీ చాంబరు ఉన్నాయి. నేల ఏడంగుళాలు లేస్తే అవి కిందకి పోతాయి కదా?

పాత ఏఈ:
చాంబరు గోడ ఇటుకతో పైకి లేపించి ఫ్రేమ్ కొత్త లెవెలుకి పెట్టించు, బ్లాకులు పరచక ముందే. సంపు విషయం జాగ్రత్త. దాని స్లాబు మనుషులు నడవడానికి వేసిందైతే ఏడంగుళాల మొరం బరువు, పైన కారు తట్టుకోదు. ఇల్లు కట్టినప్పటి డ్రాయింగులో స్లాబు మందం, కమ్మీ చూడు. డ్రాయింగు లేకపోతే స్లాబు చుట్టూ అంచు కట్టి, కారు టైరు దాని మీదికి రాని వైపు దారి మార్చు, లేదా ఇంజనీరుకి చూపించి కొత్త స్లాబు వేయించు. మొరం ట్రాక్టర్లని కూడా దాని మీదికి ఎక్కనివ్వకు.

మున్నేరు శీను:
డ్రాయింగు బీరువాలో ఉన్నట్టుంది, నాన్నని అడిగి రేపు ఫోటో పెడతా. అప్పటిదాకా మొరం చెప్పట్లేదు.